ఎర్ర రంగు హెచ్చరిక నెలంతా వస్తే కాపలావాళ్లను ఏ కోనలో నిలబెట్టాలి?

భాకరాపేట_గట్టు
మాది భాకరాపేట వైపు అడవి అంచు పల్లె. మా వన సంరక్షణ సమితి తరఫున ఫిబ్రవరి నుంచి మే దాకా ఆరుగురు ఫైర్ వాచర్లు కొండ మీద ఉంటారు. వాళ్లను ఏ పూట ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించే పని రెండేళ్లుగా నా మెడకు చుట్టుకుంది. కార్చిచ్చు పుట్టే అవకాశం ఎంత ఉందో ముందుగా చెప్పే హెచ్చరిక ఒకటి రోజూ ఉదయం ఫోనుకు వస్తుంది. ఎవరు పంపేది అన్నది ఇక్కడ వదిలేద్దాం. పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగులు. ఫిబ్రవరి ఆఖరు నుంచి మా కొండ మొత్తం ఎరుపే.

పోయిన మార్చిలో వరసగా పదకొండు రోజులు ఎరుపు చూపించింది, ఆ పదకొండు రోజుల్లో ఎక్కడా అగ్గి పడలేదు. పన్నెండో రోజు కాస్త మబ్బు పట్టి రంగు పసుపుకు దిగింది. అలిసిపోయి ఉన్నారని ఇద్దరిని ఇంటికి పంపాను. ఆ సాయంత్రం ఆరు గంటలకు పశువుల బాట పక్కన బోద గడ్డిలో మంట లేచింది. మిగిలిన నలుగురితో కలిసి పచ్చి రొట్టతో కొట్టి ఆర్పేసరికి తెల్లవారుజామున మూడయింది, ఒక కుర్రవాడి ముంజేతులు బొబ్బలెక్కాయి. నా ప్రశ్న ఒకటే. ఈ ముందస్తు అంచనా కాపలాకు నిజంగా పనికివస్తుందా, లేక పంచాంగంలో ‘స్వల్ప వర్షములు’ అని రాసినట్టు ఎటు తిప్పినా సరిపోయే మాటా?

గాలివాటం
మీ హెచ్చరిక దేని మీద ఆధారపడిందో తెలుసుకోకుండా దాన్ని తిట్టడం సరికాదు. చాలా దేశాల్లో వాడే పద్ధతికి మూలం కెనడా అగ్ని వాతావరణ సూచీ. మధ్యాహ్నం వేళ ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, గడిచిన 24 గంటల వాన అనే నాలుగే దానికి కావలసినవి. వాటి నుంచి మూడు రకాల తడిని లెక్కిస్తారు. పైపై ఎండాకు, గడ్డి ఒకటి, దాని కింద మగ్గిన పొర ఒకటి, లోతుగా నేలలో ఉన్నది ఒకటి. పైపొర ఒక రోజులోపే ఆరుతుంది, మధ్యపొరకు రెండు వారాల దాకా పడుతుంది, అడుగు పొరకు సుమారు 50 రోజులు. మబ్బు పట్టి తేమ పెరిగితే పైపొర లెక్క దిగుతుంది, రంగు పసుపు అవుతుంది. అది చెప్పిందల్లా ఆ రోజు అడవి కొంచెం తక్కువగా మండుతుందనే. అగ్గిపుల్ల ఎవరు గీస్తారన్నది ఆ నాలుగు అంకెల్లో లేదు.

పాతబీటు
గాలివాటం గారి చివరి వాక్యాన్ని నేను ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకుంటాను. ముప్పై ఏళ్లు మామండూరు, బాలపల్లి వైపు కొండల్లో తిరిగాను, పిడుగు పడి పుట్టిన మంట నా కంటితో చూసింది ఒక్కటే, అది కూడా వెంటనే కురిసిన వానకే ఆరింది. మిగిలినవన్నీ మనిషి చేతివే. కొత్త గడ్డి మొలవాలని పశువుల కాపరి పెట్టేది, బీడీలు చుట్టే తుమికి ఆకు బాగా చిగురించాలని పెట్టేది, తేనె కోసం పొగ పెట్టి వదిలేసేది, వంట చేసుకుని ఆర్పకుండా పోయేది, బీడీ ముక్క.

తలకోన_దారి
తేనె గురించి ఒక సవరణ. తెలిసినవాళ్లు పొగకు పచ్చాకు కట్ట వాడి, దిగేటప్పుడు దాన్ని నీళ్లలో ముంచి వెళతారు. ఆదివారం బండ్ల మీద వచ్చే కుర్రవాళ్లు చూసి నేర్చుకున్నామని ఎండు బోదతో చేస్తారు. నింద అందరి మీదా సమానంగా వేయకండి.

పాతబీటు
ఒప్పుకుంటున్నాను.

ఉపగ్రహం_ఊసు
నేను తిరుపతిలో ఈ విషయం మీదే చదువుతున్నాను కాబట్టి మూడు మాటలను వేరు చేయవలసిన అవసరం కనబడుతోంది. మంట పుట్టే అవకాశం ఒకటి, పుట్టాక ఎటు ఎంత వేగంగా పాకుతుందన్నది ఒకటి, ఇప్పటికే మండుతున్నదాన్ని కనిపెట్టడం ఒకటి. మనవాళ్లు మూడింటినీ కలిపి ‘అలర్టు’ అంటారు. దెహ్రాదూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల ఆధారంగా ఇస్తున్నది ముఖ్యంగా మూడోది. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరం ఒక కిలోమీటరు చదరాన్ని ఒక చుక్కగా చూస్తుంది, తరువాత వచ్చిన వీర్స్ పరికరం 375 మీటర్ల చదరాన్ని చూస్తుంది. సందేశంలో వచ్చే అక్షాంశ రేఖాంశాలు ఆ చదరం నడిమధ్యవి. మంట అందులో ఏ మూలనైనా ఉండవచ్చు. కోనకు ఇవతలి గట్టా, అవతలి గట్టా అన్నది ఆ అంకె చెప్పలేదు.

బెల్లం_గానుగ
ఈ చదరాల బాధితుణ్ణి నేను. చిత్తూరు పక్కన మాకు చెరకు తోట, దానికి గట్టు దాటితే రిజర్వు అడవి. చెరకు కొట్టాక ఆకు తగలబెట్టాను. గంటన్నర తరువాత ముగ్గురు సిబ్బంది చెమటలు కక్కుతూ వచ్చి అడవి ఎక్కడ మండుతోందని నన్నే అడిగారు. చూపించడానికి మండుతున్నది నా పొలమే. వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపలేక తలా ఒక అచ్చు బెల్లం ఇచ్చాను. రెండో ఏడు గానుగ పొయ్యి మీద అనుమానంతో మళ్లీ వచ్చారు. బెల్లం కోసమే వచ్చారని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఉపగ్రహం_ఊసు
నవ్వు వచ్చినా ఇది అసలు విషయానికి దగ్గరిదే. ముందస్తు అంచనా వేసే నమూనాలకు పాఠం చెప్పేది ఈ పాత చుక్కలతోనే. మీ చెరకాకు మంట ఆ పాఠంలో అడవి మంటగా చేరి ఉంటే, మరుసటి ఏడు ఆ గట్టును ప్రమాదకరమైనదిగా చూపిస్తుంది.

అంతకంటే పెద్ద లోపం వేళల్లో ఉంది. వీర్స్ మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతాల్లో. సాయంత్రం ఐదుకు పుట్టి రాత్రి తొమ్మిదికి ఆరిపోయిన మంట దానికి లేనట్టే లెక్క. భూమితో పాటు తిరుగుతూ అర గంటకోసారి చూసే ఇన్‌శాట్ ఉంది గాని, దాని చుక్క నాలుగు కిలోమీటర్లది, చిన్న మంట దానికి ఆనదు. కాబట్టి మన నమూనా నేర్చుకునేది ఉపగ్రహానికి కనిపించిన మంటల గురించే.

పాతబీటు
అయితే నాకు ఎప్పటి నుంచో ఉన్న ఒక అనుమానాన్ని ఇక్కడ పెడతాను. ఒక కోనలో మంచి వాచర్లు ఉంటే మంట పుట్టిన పావు గంటలో కొట్టి ఆర్పేస్తారు, అది ఏ చుక్కలోనూ పడదు. ఐదేళ్లు అలా గడిస్తే మీ నమూనా ఆ కోనకు పచ్చ రంగు వేస్తుంది. పచ్చ రంగు చూసి పై అధికారి అక్కడి మనుషులను తీసి ఎర్ర కోనకు పంపుతాడు. ఆరో ఏట ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు. నేను చూసినప్పుడు రంగులు లేవు, రిజిస్టరు ఉండేది. కథ మాత్రం ఇదే.

ఉపగ్రహం_ఊసు
ఇది నిజమైన చిక్కు, దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. ఆర్పేసిన చిన్న మంటలను కూడా వేళ, చోటు, కారణంతో నమోదు చేస్తేనే నమూనా సరిపడుతుంది. రాసుకోవడం మనుషులకు ఇష్టం ఉండదు, ఎందుకంటే మంట రాస్తే మెమో వస్తుందన్న భయం.

పాయిసాన్_పంతులు
నేను లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి, అడవి ఎరుగను, కాని భాకరాపేట_గట్టు గారి పదకొండు రోజుల ఫిర్యాదులో ఒక లెక్కల పొరపాటు ఉందనిపిస్తోంది. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం సుమారు 350 చదరపు కిలోమీటర్లు. దాన్ని 350 చదరాలు చేసి 120 ఎండు రోజులు తీసుకుంటే 42,000 ‘చదరపు రోజులు’ అవుతాయి. వాటిలో 84 చోట్ల మంట పుట్టిందని లెక్క కోసం అనుకుందాం, అంటే వెయ్యికి రెండు. ‘ఎక్కడా ఎప్పుడూ మంట రాదు’ అని రోజూ చెప్పే సోమరి కూడా 99.8 శాతం ఒప్పే చెప్పినట్టు. అందుకే ‘మా నమూనా 95 శాతం కచ్చితం’ అన్న ప్రకటన వినగానే నేను జేబు తడుముకుంటాను.

ఇప్పుడు ఒక మంచి నమూనా ఉందనుకోండి. మంటల్లో 80 శాతాన్ని అది పట్టుకుంటుంది, మంట లేని చోట్లలో 5 శాతానికి మాత్రమే పొరపాటున గంట కొడుతుంది. అప్పుడు నిజమైన హెచ్చరికలు 67, ఉత్తుత్తివి దాదాపు 2,100. వంద హెచ్చరికల్లో మూడే నిజం. మీకు అది మోసంలా కనిపిస్తుంది, నాకు మాత్రం బంగారంలా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఆరుగురు కొండ మొత్తం తిరగకుండా ఇరవయ్యో వంతులో తిరిగితే ఐదు మంటల్లో నాలుగు వాళ్ల దగ్గరే పుడతాయి. పదకొండు రోజులు ఏమీ జరగకపోవడం హెచ్చరిక తప్పని రుజువు కాదు. పసుపు అంటే సున్నా అని ఎవరూ చెప్పలేదు కూడా.

భాకరాపేట_గట్టు
పంతులు గారూ, మీ లెక్క నాకు అర్థమయింది, ఒప్పుకుంటున్నాను కూడా. అయితే నాకు వచ్చేది ఇరవయ్యో వంతు కాదు, కొండ మొత్తం ఎరుపు. అలాగే, పన్నెండో రోజు ఇద్దరిని పంపేసింది నేనే గదా, ఆ కుర్రవాడి చేతులు చూసినప్పుడు ‘పసుపు అంటే సున్నా కాదు’ అన్న మాట నాకు పెద్దగా ఓదార్పు ఇవ్వదు.

పాయిసాన్_పంతులు
నా మాట కరకుగా వచ్చింది, మన్నించండి. కొండ మొత్తం ఎరుపు అనేది మాత్రం హెచ్చరిక తయారు చేసినవారి తప్పే.

గాలివాటం
దాని కారణం నేను చెప్పగలను. హద్దులు ఎక్కడో చల్లటి ప్రాంతానికి గీసినవి, మనకు అలాగే తగిలించారు. బయటి దేశాల్లో ‘ముప్పై ముప్పై ముప్పై’ అని ఒక మోటు సూత్రం ఉంది. వేడి 30 డిగ్రీలు దాటి, తేమ 30 శాతం లోపుకు దిగి, గాలి గంటకు 30 కిలోమీటర్లు దాటితే జాగ్రత్త అని. మన తిరుపతిలో మార్చి నుంచి చాలా మధ్యాహ్నాలు మొదటి రెండూ ఉత్తినే కుదురుతాయి, మిగిలింది గాలి ఒక్కటే. చేయవలసిందేమిటంటే మన కొండకే పది పదిహేనేళ్ల ఎండకాలపు సూచీ విలువలు వరసగా పేర్చి, వాటిలో అన్నింటికంటే పైనున్న ఐదు శాతం రోజులకే ఎరుపు ఇవ్వడం. అప్పుడు ఎండకాలంలో ఎరుపు ఆరేడు రోజులే వస్తుంది. గాదంకిలో వాతావరణ పరిశోధనశాలే ఉన్న జిల్లాల్లో మనం గాలి కొలతల కోసం వెతుక్కోవలసిన పని ఉండకూడదు.

కోనలో_గాలి
పరిశోధనశాల ఉన్నంత మాత్రాన కోనలో గాలి కొలిచినట్టు కాదు. పగలు ఎండకు గాలి లోయ నుంచి పైకి ఎక్కుతుంది, పొద్దు గూకాక చల్లబడి కిందకు దిగుతుంది. మైదానంలో పెట్టిన యంత్రానికి ఇది తెలియదు. పైగా వాలు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ పైకి పాకే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని ఆస్ట్రేలియావాళ్ల మోటు లెక్క. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లు చాలామంది పోయింది నిటారు వాలు మీద, ఎండుగడ్డిలో చిక్కుకునే. మంట పుట్టే చోటుతో పాటు దాని పైన వాలు మీద ఎవరున్నారన్నది కూడా హెచ్చరికలో ఉండాలి.

నర్సరీ_మడి
ఎవరూ అనని మాట ఒకటి ఉంది. అందరూ కరువు వస్తే మంటలు ఎక్కువ అనుకుంటారు. మా అనుభవం తిరగబడి ఉంది. ఎర్రచందనం పెరిగేది రాతి నేలల్లో, కరువు ఏడాది అక్కడ చెట్ల మధ్య గడ్డే ఉండదు, మంట పుట్టినా బండ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. 2021 నవంబరులో తిరుపతి మునిగిన వానలు గుర్తున్నాయి గదా, ఆ తరువాతి ఎండకాలం మా కోనలో బోద నడుము దాకా ఎదిగి ఎండింది. నాటిన ఎర్రచందనం మొక్కలు ఆ ఏడు రెండు మడుల్లో మొదలంటా మాడాయి. వేరు నుంచి మళ్లీ చిగురు వేశాయి గాని, మూడేళ్ల ఎదుగుదల పోయింది.

గాలివాటం
కెనడా సూచీలో లోతు నేల ఎంత ఆరిందో చూపే కరువు సంఖ్య అయితే ఆ ఏడాదిని క్షేమమని చెప్పి ఉండేది. మీ మాట నిజమే అయినా ఒక హద్దు ఉంది. ఎంత గడ్డి ఉంది అన్నది ఏడాదిని నిర్ణయిస్తుంది, ఎంత ఆరింది అన్నది రోజును నిర్ణయిస్తుంది. రెండింటినీ కలపాలి.

నర్సరీ_మడి
కలపండి. కాని డిసెంబరులో వాన ఆగగానే గడ్డి ఎంత ఎదిగిందో చూసి ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసిన ఖాళీ పట్టీలు, ఎక్కడ వెడల్పు చేయాలో నిర్ణయిస్తే, మార్చిలో రంగుల కోసం ఫోను చూడవలసిన పని సగం తగ్గుతుంది. జనవరిలో గీయవలసిన లైను మార్చిలో గీస్తూ మంటను అంచనా వేయడం పెళ్లి అయ్యాక జాతకాలు చూడటం లాంటిది.

మెట్లదారి_భక్తుడు
మనుషులే అగ్గి పెడతారంటున్నారు గదా, మనుషులు ఎప్పుడు వస్తారో మన ఊళ్లో పంచాంగమే చెబుతుంది. తిరుమల కొండల్లో పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం ముక్కోటి ఉత్సవం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. వేల మంది అడవి దారిన నడుస్తారు. తుంబురు ముక్కోటి సరిగ్గా ఆకు రాలిపోయి కొండ బోడిగా ఉన్నప్పుడు పడుతుంది. శివరాత్రికి తలకోన సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర జనం సంగతి చెప్పనక్కరలేదు. మొదటి పోస్టులో వెక్కిరించిన పంచాంగం అలా అక్కరకు వస్తుంది.

భాకరాపేట_గట్టు
వెక్కిరింపు వెనక్కి తీసుకుంటున్నాను.

పాయిసాన్_పంతులు
భక్తుడు గారి ఆలోచన నిజంగా పెద్దది. కెనడాలోనే 1973లో కనింగ్‌హామ్, మార్టెల్ అనే ఇద్దరు ఒంటారియో అడవుల్లో మనుషుల వల్ల పుట్టే మంటల సంఖ్య రోజువారీగా పాయిసాన్ సూత్రానికి (సగటు తెలిస్తే ఒక రోజు ఎన్ని జరిగే అవకాశం ఎంతో చెప్పే లెక్క) సరిపోతుందని, దాని సగటు పైపొర తడితో పాటు మారుతుందని చూపించారు. అంటే రంగుకు బదులు ‘ఈ రోజు సగటున ఎన్ని మంటలు’ అన్న అంకె ఇవ్వవచ్చు. సగటు 0.5 అయితే ఏ మంటా పుట్టకుండా గడిచే అవకాశం 61 శాతం, రెండు లేదా అంతకంటే ఎక్కువ పుట్టేది 9 శాతమే. అదే సగటు 2 అయితే ఖాళీగా గడిచేది 14 శాతం లోపు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ పుట్టే అవకాశం కూడా 14 శాతం. మొదటి రోజు ఆరుగురిని ఒకే జట్టుగా ఉంచవచ్చు, రెండో రోజు రెండు జట్లు చేసి పక్క రేంజి నుంచి మనుషులను ముందే అడగాలి. మీ ముక్కోటి, శివరాత్రి, ఆదివారం, తుమికి ఆకు కోసే వారాలు, బాటకు దూరం, ఇవన్నీ ఆ సగటులో చేర్చవలసినవే.

కుప్పం_ఏనుగు
మా కౌండిన్య అభయారణ్యం వైపు ఇంకొకటి చేర్చాలి. ఏనుగులు అడవి అంచుకు వచ్చిన వారం రైతులు రాత్రంతా గట్ల మీద మంటలు వేస్తారు, టపాసులు కాలుస్తారు. కాపలావాళ్లు కూడా ఏనుగుల వెంటే పోతారు గనుక కొండ మీద ఎవరూ ఉండరు. పలమనేరు వైపు ఏనుగు ఎటు పోయిందో తెలిస్తే మంట ఎటు పుడుతుందో సగం తెలిసినట్టే.

కొత్తనీరు
ఇంత గోల ఎందుకో అర్థం కావడం లేదు. కృత్రిమ మేధకు మొత్తం ఇచ్చేసి, రెండు డ్రోన్లు ఎగరేస్తే సరిపోతుంది.

పాతబీటు
2014 మార్చిలో తిరుమల చుట్టూ కొండ అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లే వచ్చి నీళ్లు పోశాయి. అంత పెద్ద పక్షులు వచ్చినా కింద బూడిదలో పొగలు కక్కే మొద్దులను ఒక్కొక్కటిగా తిరగేసి చల్లార్చింది నడిచి వెళ్లిన మనుషులే. మీ డ్రోను పొగ చూస్తుంది, ఆర్పదు. మేధ సంగతి ఊసు గారు చెప్పాలి.

ఉపగ్రహం_ఊసు
యంత్రానికి ఏది తినిపిస్తే అదే చెబుతుంది. చెరకాకు మంటలు తినిపించి, సాయంత్రం మంటలు దాచిపెట్టి, తెలివైన జవాబు రమ్మంటే రాదు. డ్రోనును నేను కొట్టిపారేయను, చుక్క వచ్చాక ఇవతలి గట్టా అవతలి గట్టా తేల్చడానికి అది మేలు.

భాకరాపేట_గట్టు
ఇంతవరకు చదివి నేను అనుకుంటున్నది చెబుతాను, తప్పయితే దిద్దండి. పై నుంచి వచ్చే రంగును నేను మార్చలేను. నా చేతిలో ఉన్నవి ఒక నోటుపుస్తకం, ఆరుగురు మనుషులు. పుస్తకంలో ఎడమ పేజీలో ఆ రోజు మా కొండకు ఎవరెవరు వస్తారో రాస్తాను. ఏ మంద ఏ బాటన, ఏ పండగ, ఏ ఆకు, ఏ సెలవు. కుడి పేజీలో బోద ఎంత ఆరిందో రాయాలని ఉంది. ఇప్పుడు మా పెద్ద వాచరు గుప్పెడు గడ్డి పిసికి, చిటపటమని విరిగితే ‘ఈ పూట కదలొద్దు’ అంటాడు, మెత్తగా వంగితే భోజనానికి పొమ్మంటాడు. అదేరోజు, అంటే పన్నెండో రోజు, పొద్దున అతను పిసికి చూసి ‘విరుగుతా ఉందే’ అన్నాడు. నేను ఫోను చూపించాను. దీన్ని అంకెగా మార్చే దారి ఉందా?

గాలివాటం
ఉంది, ఖర్చు కూడా లేదు. వంద గ్రాముల ఎండుగడ్డి కోసి వెంటనే గాలి చొరని సంచిలో మూతి కట్టి తూకం వేయండి, పూర్తిగా ఆరబెట్టి మళ్లీ తూకం వేయండి. తగ్గిన బరువును ఆరిన బరువుతో భాగించి వందతో గుణిస్తే తేమ శాతం వస్తుంది. సుమారు 20, 25 శాతం దాటితే ఎండుగడ్డిలో మంట పాకడం కష్టం. మన ఏప్రిల్ మధ్యాహ్నం అది నాలుగైదు శాతానికి దిగుతుంది. ఒక నెల మీ వాచరు గుప్పెడునూ ఈ అంకెనూ పక్కపక్కన రాయండి, రెండూ ఎంత కలుస్తాయో చూడాలని నాకే ఆత్రంగా ఉంది.

పాయిసాన్_పంతులు
ఆర్పేసిన ప్రతి చిన్న మంటనూ వేళతో సహా రాయండి. ఏమీ జరగని రోజులను కూడా రాయండి, అవి లేకపోతే లెక్క కట్టలేను. ఎండకాలం ముగిశాక పుస్తకం ఫోటోలు తీసి ఇక్కడ పెడితే సగటు కట్టే పని నాది.

బెల్లం_గానుగ
తూకానికి మా గానుగ దగ్గర గ్రాముల త్రాసు ఒకటి ఖాళీగా ఉంది, చిత్తూరు వస్తే ఇస్తాను. ఆరబెట్టడానికి బెల్లం పొయ్యి పక్కన రేకు మీద పరిస్తే ఒక పూటలో గలగలమంటుంది. పొగ చూసి ఎవరూ రాకుండా మీరే సిబ్బందికి ముందు చెప్పండి.

పాతబీటు
గడ్డిని పొద్దున్నే కోయకండి, మంచు తడి ఉంటుంది. పదకొండు దాటాక, బాట పక్కన తొక్కిడి పడిన చోటు కాకుండా, దక్షిణం వాలున నిలబడి ఉన్న బోదను జానెడు ఎత్తు వదిలి కోయండి. కొడవలి తీసుకువెళ్లేది మాత్రం మీ పెద్ద వాచరు చేత, అతనికి తెలుసు ఏ దుబ్బు ముందు అంటుకుంటుందో.